వ్యూ 2లో ఉన్న ప్రాజెక్ట్: వ్యూ 3కి వెళ్లాలా, రియాక్ట్‌కి మారాలా?

వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ వ్యూ (Vue) వెర్షన్ 2కి 2023 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆగిపోయింది. మాదాపూర్‌లో నలుగురున్న టీమ్‌కైనా ఇక కదలక తప్పదు. నా ఓటు వ్యూ 3కే. రియాక్ట్ (React) వేరే లైబ్రరీ కాబట్టి, పేజీ రూపాన్ని రాసిన టెంప్లేట్లన్నీ మళ్లీ రాసుకోవాలి; వ్యూ 3లో అయితే కాంపోనెంట్లు రాసే పాత పద్ధతి, ఆప్షన్స్ ఏపీఐ, అలాగే నడుస్తుంది.

ముందు వ్యూ 2లో ఆఖరిదైన 2.7కి రండి. తర్వాత మైగ్రేషన్ బిల్డ్ (పాత కోడ్‌ని నడిపిస్తూనే మార్చాల్సినవి చెప్పే వ్యూ 3 రూపం) పెట్టి కన్సోల్ వార్నింగులు ఒక్కొక్కటే తీర్చండి. టెంప్లేట్‌లో విలువ కనిపించే తీరు మార్చే ఫిల్టర్లు వ్యూ 3లో తీసేశారు కాబట్టి, ధర పక్కన రూపాయి గుర్తు పెట్టే ఫిల్టర్‌ని మామూలు ఫంక్షన్ చేయాలి. సొంత ఇన్‌పుట్ కాంపోనెంట్లలో వీ-మోడల్ (ఇన్‌పుట్‌నీ డేటానీ జతచేసేది) విలువని అందించే ప్రాప్ ‘వాల్యూ’ కాస్తా ‘మోడల్‌వాల్యూ’ అయింది. మరిచిపోతే ఎడిట్ ఫామ్ ఖాళీగా తెరుచుకుంటుంది.

అసలు చిక్కు వ్యూటిఫై, అంటే బటన్లు, టేబుళ్ల వంటివి రెడీమేడ్‌గా ఇచ్చే వ్యూ లైబ్రరీ. దాని వెర్షన్ 2 మైగ్రేషన్ బిల్డ్‌తో కూడా పనిచేయదు, వెర్షన్ 3కి మారాల్సిందే. అప్పుడు దాని డేటా టేబుళ్లనీ మార్చాలి కాబట్టి, అవి ఎన్నున్నాయో లెక్కపెట్టుకోకుండా క్లయింట్‌కి తేదీ చెప్పకండి.