ఎలక్ట్రిక్ స్మోకర్ సమీక్ష: పెట్టె బాగుంది, సెన్సర్ అమరికే బాగాలేదు

ఈ ఎలక్ట్రిక్ స్మోకర్‌ను (చెక్క ముక్కల పొగతో, తక్కువ వేడిలో మాంసాన్ని నిదానంగా వండే కరెంటు పెట్టెను) ఏడాదికి పైగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టె దృఢంగా ఉంది, తలుపు బిగువుగా మూసుకుంటుంది, చెక్క ముక్కలను తలుపు తెరవకుండానే పక్కనుంచి వేయవచ్చు. వీటి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా లోపలి వేడిని కొలిచే సెన్సర్‌ను తయారీదారు అమర్చిన తీరు మీదనే.

మొదటి నెలల్లో 110 డిగ్రీల సెల్సియస్‌కు పెడితే నాలుగైదు డిగ్రీల హెచ్చుతగ్గులతో అక్కడే నిలిచేది. తరువాత తరువాత మాంసం ఉడకడానికి పట్టే సమయం పెరుగుతూ వచ్చింది. డిస్‌ప్లే మాత్రం ఎప్పటిలాగే 110 చూపించేది. అనుమానం వచ్చి విడి డిజిటల్ థర్మామీటరు మొనను సెన్సర్ పక్కనే వేలాడదీసి చూస్తే, అది 95 దగ్గర ఆగిపోయింది. పదిహేను డిగ్రీల తేడాను రుచికి సంబంధించిన సంగతిగా తీసిపారేయలేము. కోడిమాంసం లోపలి భాగం 74 డిగ్రీలకు చేరాలి. పెట్టెలో వేడి తక్కువైన కొద్దీ, బాక్టీరియా వేగంగా పెరిగే 4 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం ఎక్కువసేపు ఉండిపోతుంది.

సర్వీసు వారికి ఫోన్ చేస్తే, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కంట్రోల్ బోర్డు (సెన్సర్ అంకెను చదివి వేడిని అదుపుచేసే కంట్రోలర్) మార్చాలన్నారు. ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

నా మొదటి అనుమానం సెన్సర్ మొనకు పట్టిన జిడ్డు మసి మీదకు పోయింది. సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో దాన్ని తుడిచాక హెచ్చుతగ్గులు కొంత తగ్గాయి గాని, ఆ పదిహేను డిగ్రీల తేడా అలాగే ఉండిపోయింది. ఆలోచిస్తే ఇది సహజమే: మసి పొర వేడి సెన్సర్‌కు చేరడాన్ని ఆలస్యం చేస్తుంది, వేడి నిలకడగా ఉన్నప్పుడు మాత్రం అంకెను ఇంతగా తప్పించలేదు.

ప్లగ్ పీకేసి, పెట్టె పూర్తిగా చల్లారాక వెనుక పలక విప్పబోతే అది రివెట్లతో బిగించి ఉంది. ఏనాటికైనా మరమ్మతు అవసరమయ్యే చోట రివెట్లు కొట్టడం వెనుక ఆలోచన ఏమిటో నాకు అర్థం కాలేదు. వాటిని డ్రిల్‌తో తొలగించి, కనెక్టర్ విడదీసి, సెన్సర్ తీగల చివర మల్టీమీటరు (రెసిస్టెన్స్, అంటే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు, వంటివి కొలిచే పరికరం) పెట్టాను. గది వేడిలో రెసిస్టెన్స్ 1100 ఓమ్‌లకు దగ్గరగా కనిపించడంతో ఇది పీటీ1000 రకమని, అంటే వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే ప్లాటినం సెన్సర్ అని తెలిసింది. ఈ రకం 0 డిగ్రీల వద్ద 1000 ఓమ్‌లు, 100 డిగ్రీల వద్ద సుమారు 1385 ఓమ్‌లు చూపాలి. మొనను మాత్రమే ముందు ఐసు ముక్కలు కలిపిన నీటిలో, తరువాత మరిగే నీటిలో ముంచి చూస్తే రెండు చోట్లా లెక్క సరిపోయింది. (ఎత్తైన ప్రాంతాల్లో నీరు ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ తక్కువలోనే మరుగుతుంది కనుక ఆ మేరకు సవరించుకోవాలి.) అంటే సెన్సర్ నిర్దోషి.

కనెక్టర్ తిరిగి కలిపి కంట్రోలర్ వైపు నుంచి కొలిస్తే మాత్రం 57 ఓమ్‌లు అదనంగా వచ్చాయి. తీగను కాస్త కదిలిస్తే ఆ అంకె కూడా ఊగింది. డిగ్రీకి 3.85 ఓమ్‌ల చొప్పున లెక్కగడితే అది సరిగ్గా నన్ను వేధించిన పదిహేను డిగ్రీలే. తీగ బయటకు వచ్చే రంధ్రంలోంచి చెమ్మతో కూడిన పొగ వెనక్కి చేరి, అందులోని ఆమ్లం వల్ల కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టింది. ఆ చిలుము అడ్డును కంట్రోలర్ వేడిగా భ్రమించి హీటింగ్ ఎలిమెంట్‌ను ముందే ఆపేస్తోంది. ఎన్‌టీసీ థర్మిస్టర్ అనే మరో రకం సెన్సర్ ఉన్న స్మోకర్లలో వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది కనుక లక్షణాలు వేరుగా ఉంటాయి. సెన్సర్ మార్చవలసి వస్తే అదే రకం కొనాలి, లేకుంటే డిస్‌ప్లేలో అంకెలకు అర్థమే ఉండదు.

పాత కనెక్టర్‌ను కత్తిరించి, వేడిని తట్టుకునే కొత్తది క్రింప్ చేసి (తీగ మీద నొక్కి బిగించి), రంధ్రాన్ని అధిక ఉష్ణోగ్రతకు పనికివచ్చే సిలికోన్‌తో మూశాక తేడా రెండు డిగ్రీలకు దిగింది. కంట్రోల్ బోర్డు పాతదే, చక్కగా పనిచేస్తోంది. వారంటీలో ఉన్నవారు రివెట్లు తీసే ముందు కంపెనీ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. మల్టీమీటరు పట్టుకోవడం అలవాటున్నవారికి ఈ స్మోకర్‌ను సిఫారసు చేస్తాను, సర్వీసు మీదే ఆధారపడేవారికి చేయను. నా పెట్టె వెనుక పలకకు ఇప్పుడు రివెట్లు లేవు, నాలుగు స్క్రూలు ఉన్నాయి.