సూపర్‌మార్కెట్ సొంత లేబుల్ క్రాఫ్ట్ బీరా, చిన్న బ్రూవరీ బీరా: ఏది మేలు?

శ్రీకాకుళంలో బీరు కొనడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. షాపువాడు అడిగేది ఒకటే, లైటా స్ట్రాంగా అని. ఇంగ్లండ్ వెళ్ళిన మన పిల్లలకి అంత తేలిగ్గా తేలదు. అక్కడ పాలూ రొట్టే అమ్మే సూపర్‌మార్కెట్లోనే బీరూ దొరుకుతుంది, అదీ ఒక వరస పొడుగునా. లీసెస్టర్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు మొన్న ఆ వరస ముందు నిలబడి ఫోటో తీసి పంపాడు. మూడు టిన్నులు. ఒకటి ఆ సూపర్‌మార్కెట్ తన లేబుల్‌తో చేయించుకున్న ఐపీఏ, అంటే హాప్స్ పువ్వు వాసన బాగా ఉండే బీరు. రెండోది ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే ఉన్న చిన్న బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) ఐపీఏ, ధర దాదాపు రెట్టింపు. మూడోది ఒకప్పుడు చిన్న బ్రూవరీగా పేరు తెచ్చుకుని తర్వాత పెద్ద కంపెనీకి అమ్ముడుపోయినవాళ్ళది.

"మావయ్యా, మూడిటి మీదా క్రాఫ్ట్ అనే రాసుంది. రేట్లు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. ఏటిది? ఇందులో అసలుదేది?" అని అడిగాడు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. లాగర్ (మన షాపుల్లో దొరికే మామూలు రకం), బిటర్ (ఇంగ్లండ్ వాళ్ళ చేదు రకం) లాంటివి తాగాలనుకుంటే, తయారుచేసినవాళ్ళ పేరు రాసి ఉన్న సొంత లేబుల్ బీరు మేలు. ఐపీఏ కావాలంటే చిన్న బ్రూవరీకే డబ్బు పెట్టాలి. మూడోదాన్ని నేనైతే చివర్న పెడతాను. క్రాఫ్ట్ అంటే చిన్న బ్రూవరీలో శ్రద్ధగా చేసిన బీరని మామూలుగా అనుకుంటాం. నా తీర్పు ఎందుకో చెప్పాలంటే, అసలు క్రాఫ్ట్ అని ఎవరు ఎవర్ని అంటున్నారో ముందు చూడాలి.

బ్రిటన్‌లో ఫలానాదే క్రాఫ్ట్ బీరు అని చెప్పే చట్టం లేదు. ఆ మాట ఎవరైనా టిన్ను మీద అచ్చు వేసుకోవచ్చు. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ అనే సంఘం తనవరకు ఒక గీత గీసుకుంది. ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ళు మించి తయారుచేయకూడదు, క్రాఫ్ట్ బ్రూవర్ కాని మద్యం సంస్థకి కంపెనీలో 25 శాతం వాటా ఉండకూడదు. 60 లక్షల బ్యారెళ్ళంటే సుమారు 70 కోట్ల లీటర్లు. దాన్ని చిన్న బ్రూవరీ అనడానికి నాకు నోరు రాదు. మొదట్లో ఆ హద్దు 20 లక్షలే. సంఘంలో పెద్దదైన బోస్టన్ బీర్ కంపెనీ ఆ హద్దుకి చేరువవుతుంటే గీతనే ముందుకి జరిపారు. సంప్రదాయ పద్ధతిలో తయారుచేయాలన్న మూడో షరతుని 2018 చివర్లో తీసేశారు. బ్రిటన్‌లో స్వతంత్ర బ్రూవర్ల సంఘం సిబా 2016లో తన సభ్యుల కోసం ఒక ముద్ర తెచ్చింది. అప్పట్లో దాని హద్దు ఏడాదికి 2 లక్షల హెక్టోలీటర్లు, అంటే 2 కోట్ల లీటర్లు. ఒకరు చిన్న అన్నదానికీ ఇంకొకరు చిన్న అన్నదానికీ ముప్ఫై అయిదు రెట్ల తేడా ఉంది. ఎన్ని లీటర్లన్న లెక్క పట్టుకుని కూర్చుంటే ఈ ప్రశ్న ఎప్పటికీ తెగదు.

మన జిల్లావాళ్ళకి ఇంతకంటే మంచి కొలబద్ద చేతిలోనే ఉంది. పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో నూలు వడికి, మగ్గం మీద నేస్తారు. ఖద్దరంటే ఏమిటో 1956 నాటి ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టమే చెప్పింది. మన దేశంలో చేత్తో వడికిన నూలుతో, మన దేశంలోనే చేమగ్గం మీద నేసిన గుడ్డ. 2013లో ఖాదీ మార్క్ నిబంధనలూ వచ్చాయి. ఆ పంచె పొందూరులో నేతవాళ్ళ సంఘం దగ్గర కొన్నా, హైదరాబాదులో ఏసీ షోరూంలో కొన్నా ఖద్దరే. అమ్మినవాడు నేయలేదు కదా అని ఎవరూ తగువు పెట్టుకోరు. మరమగ్గం మీద నేసింది తెచ్చి పొందూరు పేరు తగిలిస్తే మాత్రం కడుపు మండుతుంది.

బీరుకీ ఇదే వర్తిస్తుందని నా వాదన. సూపర్‌మార్కెట్ లేబుల్ ఉన్నంత మాత్రాన ఆ బీరు క్రాఫ్ట్ కాకుండా పోదు. ఎవరు, ఏ ఊళ్ళో, ఎలా తయారుచేశారో చెప్పగలిగితే చాలు. అది దాచిపెట్టి, లేని బ్రూవరీకి పేరు పుట్టించి అమ్మితే ఆ మాట వాడుకునే హక్కు పోతుంది.

సూపర్‌మార్కెట్లకి సొంత బ్రూవరీలు ఉండవు. ఎవరో ఒకరితో ఒప్పందం చేసుకుని తయారుచేయించుకుంటాయి. అందులో తప్పేమీ లేదు. మన దేశంలో చాలామందికి క్రాఫ్ట్ అన్న మాటని పరిచయం చేసిన బీరా 91 కూడా 2015లో మొదలైనప్పుడు బెల్జియంలో ఇంకొకరి బ్రూవరీలో తయారైందే. తేడా అంతా చెప్పడంలో, చెప్పకపోవడంలో ఉంది. మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే బ్రిటన్ దుకాణాల సంస్థ సొంత లేబుల్ బీర్ల మీద తయారుచేసిన బ్రూవరీ పేరు కనబడుతుంది. సౌత్‌వోల్డ్ పేరుతో అమ్మిన బీర్లు ఆ ఊళ్ళోనే ఉన్న ఆడ్నమ్స్ వాళ్ళవని కొనేవాడికి తెలుసు. లిడ్ల్ అనే సూపర్‌మార్కెట్లో హ్యాదర్‌వుడ్ క్రాఫ్ట్ బీర్ కంపెనీ అని కనబడుతుంది. పేరు వింటే ఏ పల్లెలోనో తరాలుగా నడుస్తున్న బ్రూవరీ అనుకుంటాం. అది లిడ్ల్ సొంత లేబుల్, అంతే. లోపల ఉన్న బీరు బాగుండొచ్చు. అలాంటప్పుడు, తయారుచేసినవాళ్ళ పేరు పెద్ద అక్షరాల్లో వేయడానికి అడ్డేమిటన్నదే నా ప్రశ్న.

ఆల్డీ అనే ఇంకో సూపర్‌మార్కెట్ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. స్కాట్లండ్‌లో 2007లో మొదలైన బ్రూడాగ్ అనే బ్రూవరీకి పంక్ ఐపీఏ అనే నీలం టిన్ను ప్రాణం. ఆల్డీ తన లేబుల్‌తో యాంటీ ఎస్టాబ్లిష్‌మెంట్ ఐపీఏ అని ఇంకో నీలం టిన్ను దించింది. 2020లో బ్రూడాగ్ కోర్టు జోలికి పోకుండా, ఆల్డీ పేరుతో చమత్కారం చేస్తూ తనే ఒక టిన్ను గీసి ఇంటర్నెట్లో పెట్టింది. ఆల్డీ సరేనంది. చివరికి ఆల్డ్ ఐపీఏ అనే బీరు బ్రూడాగ్ తయారుచేయగా ఆల్డీ షాపుల్లోనే అమ్మకానికి వచ్చింది. నాకు అది నచ్చింది. తయారీదారు ఎవరో అందరికీ తెలిసి, దుకాణం ఎవరిదో కూడా తెలిసి, రెండు పేర్లూ బాహాటంగా టిన్ను మీదకి వచ్చాయి. కాకపోతే అప్పటికే, అంటే 2017లోనే, బ్రూడాగ్‌లో 22 శాతం వాటాని ఒక అమెరికన్ పెట్టుబడి సంస్థ కొనుక్కుంది. చిన్న బ్రూవరీ, పెద్ద దుకాణం అన్న కథ అక్కడా పూర్తిగా అతకదు.

సొంత లేబుల్ వల్ల చిన్న బ్రూవరీకి మేలా కీడా అంటే రెండూ ఉన్నాయి. ట్యాంకులు ఖాళీగా ఉన్న నెలల్లో పెద్ద ఆర్డరు వస్తే జీతాలకీ కరెంటు బిల్లుకీ ఢోకా ఉండదు. అయితే అదే దుకాణంలో తమ సొంత టిన్ను పక్కనే తాము చేసిచ్చిన చవక టిన్ను కూర్చుంటుంది. రేపు ఇంకొకరు పది పైసలు తక్కువకి చేస్తామంటే ఆర్డరు అటు పోతుంది. దాని కోసమే కొత్త ట్యాంకులు కొన్న బ్రూవరీ అప్పుతో మిగులుతుంది. ధర చూసి సొంత లేబుల్ కొనేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలని మేనల్లుడికి చెప్పాను.

ఇక మూడో రకం. చికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీని 2011లో, లండన్‌లోని క్యామ్డెన్ టౌన్ బ్రూవరీని 2015లో ఏబీ ఇన్‌బెవ్ అనే బీరు కంపెనీ కొనేసింది. అమెరికాలోని లగునీటస్‌లో సగం 2015లో, మిగతా సగం 2017లో డచ్ బీరు కంపెనీ హైనెకెన్ చేతికి వెళ్ళింది. లండన్ బీవర్‌టౌన్‌లో 2018లో వాటా తీసుకుని, 2022లో మొత్తం సొంతం చేసుకుంది కూడా హైనెకెనే. ఇక్కడ మనకి బాగా దగ్గరి సంగతి ఒకటుంది. రణస్థలం మండలం బంటుపల్లిలో ఉన్నది యునైటెడ్ బ్రూవరీస్ వాళ్ళ బీరు ఫ్యాక్టరీ. ఆ కంపెనీలో 2021 నుంచి ఎక్కువ వాటా హైనెకెన్‌దే. అంటే పుర్రె బొమ్మలతో లండన్ కుర్రకారు చేతుల్లో కనిపించే బీవర్‌టౌన్ టిన్ను లాభమూ, మన బంటుపల్లి సీసా లాభంలో సగానికి మించిన భాగమూ చేరేది ఒక్క చోటికే. బంటుపల్లి బీరుని ఎవరూ క్రాఫ్ట్ అనరు, అది అనిపించుకోవాలనీ చూడదు. ఉన్నదున్నట్టు అమ్ముడవుతుంది. లండన్ టిన్ను మాత్రం చిన్న బ్రూవరీ రోజుల బొమ్మలతోనే ఆ మాటకి ధర కట్టించుకుంటుంది. బీరు చెడ్డదని నేననను. పెద్ద కంపెనీలకి ఉన్న ల్యాబులు, ప్రతి టిన్నూ ఒకేలా ఉండేట్టు చూసుకునే శ్రద్ధ చిన్నవాళ్ళకి కష్టమే. క్రాఫ్ట్ పేరు చెప్పి అడిగే అదనపు డబ్బుకి మాత్రం అక్కడ బదులుగా వచ్చేదేమీ నాకు కనబడదు.

రుచి దగ్గరకి వద్దాం, అసలు తేడా అక్కడే తెలుస్తుంది. లాగర్ చల్లని ట్యాంకులో నాలుగు నుంచి ఆరు వారాలు ఊరాలి. చిన్న బ్రూవరీకి అన్నాళ్ళు ఒక ట్యాంకు ఆగిపోతే అదే పెద్ద ఖర్చు. అదే ట్యాంకులో ఆలోగా త్వరగా తయారయ్యే ఎయిల్ రకం బీరు రెండు విడతలు తీసి అమ్ముకోవచ్చు. పెద్ద ట్యాంకులు, చిల్లింగు ఏర్పాట్లు ఉన్న బ్రూవరీకి సూపర్‌మార్కెట్ ఆర్డరు ఇస్తే లాగర్ చవకగానూ బాగానూ వస్తుంది. అందుకే లాగర్‌కి సొంత లేబుల్ అన్నాను. ఐపీఏ సంగతి వేరు. దాని వాసనంతా హాప్స్ పువ్వుది. మామూలు లాగర్‌కి లీటరుకి ఒకటి రెండు గ్రాముల హాప్స్ సరిపోతే, హేజీ ఐపీఏకి (మసకగా కనిపించే ఐపీఏ రకం) పది గ్రాములు దాటడం మామూలు. బీరు పులిసే సమయంలోనో పులిశాకో చల్లగా కలుపుతారు. అందులో మామిడి, నారింజ తొక్క, పైనాపిల్ గుర్తొచ్చే వాసనలు వస్తాయి. ఖరీదైన సరుకు. ధర తగ్గించాలంటే మొదట కోత పడేది దానికే. పైగా ఆ వాసన నిలవ ఉండదు. రెండు మూడు నెలలు దాటితే పండు వాసన తగ్గి, అట్టముక్క తడిసినట్టు ఒక ముతక వాసన బయటపడుతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా.

అందుకే మేనల్లుడిని టిన్నులు తిప్పి వెనకా అడుగునా ఫోటో తీయమన్నాను. సొంత లేబుల్ టిన్ను వెనక, యూకేలో ఫలానా సంస్థ కోసం తయారైందన్న ఒక్క లైను, దాని కింద ఆ సంస్థ హెడ్డాఫీసు చిరునామా. బ్రూవరీ ఊసు లేదు. అడుగున ఎప్పటిలోగా తాగాలో ఉంది, ఎప్పుడు నింపారో లేదు. చిన్న బ్రూవరీ టిన్ను అడుగున సిరాతో కొట్టిన నింపిన తేదీ ఉంది, నెల కూడా కాలేదు. పక్కన ఊరి పేరు, వాడిన హాప్స్ పేర్లు సిట్రా, మొజాయిక్. మూడోదాని మీద బొమ్మలున్నాయి, యజమాని పేరు లేదు. "ఇంకేటి, రెండోది తీసుకోరా" అన్నాను. "ఒక్కటే కొంటా మావయ్యా, నా పార్ట్ టైం జీతానికి" అన్నాడు. ఒక్కటి చాలు. ఆ డబ్బుకి చవక ఐపీఏ రెండు కొని రెండూ చప్పగా తాగడం కంటే నయం.

ఆల్కహాల్ శాతం కూడా చూడాలి. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి 3.5 శాతం లోపు బీరుకి సుంకం బాగా తక్కువ. దాంతో చాలా బీర్లు 3.4కి దిగాయి. తక్కువ తాగాలనుకునేవాడికి అది మంచిదే. కానీ పాత పేరుతో, పాత టిన్నులో నీరసించిన బీరు వస్తే కొనేవాడికి తెలియాలి కదా. సీసా అయితే ఇంకో జాగ్రత్త. పచ్చ సీసా, తెల్ల సీసా వెలుతురుని ఆపవు. హాప్స్ చేదు మీద వెలుతురు పడితే ముక్కు మూసుకునే వాసన పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, టిన్ను పూర్తిగా కాపాడుతుంది.

మన దగ్గర ఈ సొంత లేబుల్ గొడవ లేదు. ఆంధ్రాలో సూపర్‌మార్కెట్లో బీరు అమ్మరు. 2024 అక్టోబరులో మద్యం షాపులు మళ్ళీ ప్రైవేటు చేతికి వచ్చినా, సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల మీదుగానే వస్తుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎప్పుడైనా క్రాఫ్ట్ పేరున్న సీసా కనబడితే మోజు పడకుండా లేబుల్ వెనక రెండు చూడాలి. ఏ ఊళ్ళో తయారైంది, ఏ నెలలో తయారైంది. ఎక్కడో దూరాన తయారై, లారీలో మండుటెండలు తిని, డిపోలో నెలలు గడిపి వచ్చిన ఐపీఏ కంటే, గంట దారిలో ఉన్న బంటుపల్లి నుంచి పోయిన నెలలో వచ్చిన లాగర్ నాకు ఎక్కువ. హాప్స్ వాసన కోసమే తాగాలని ఉంటే విశాఖ వెళ్ళి, ట్యాంకు కళ్ళ ముందే ఉన్న మైక్రోబ్రూవరీలో ఒక గ్లాసు అడగడం మేలు. అక్కడ కూడా ఆ ట్యాంకు ఎప్పుడు నింపారో అడగండి, చెబుతారు.