ముక్కు దూలం ఎత్తించాలంటే: సిలికానా, సొంత మృదులాస్థా, ఫిల్లరా?

బెంగళూరు క్లినిక్‌ల ప్రకటనల్లో ఈమధ్య తెగ కనిపిస్తున్న ‘ఏషియన్ రైనోప్లాస్టీ’ మన ముక్కుల్ని చూసి పెట్టిన పేరు కాదు. సియోల్, తైపే, బ్యాంకాక్ ముక్కుల కోసం పెరిగిన పద్ధతి అది. పాశ్చాత్య దేశాల్లో ముక్కు ఆపరేషన్ అంటే చాలావరకు ఉన్నదాన్ని చెక్కి తగ్గించడం. తూర్పు ఆసియాలో లేనిదాన్ని నిలబెట్టడం. అక్కడ దూలం పల్లంగా, చర్మం మందంగా, కొనలో మృదులాస్థి (కార్టిలేజ్, అంటే వంగే మెత్తని ఎముక) మెత్తగా ఉండే ముక్కులు ఎక్కువ. వాటికి ఎత్తు రావాలంటే బయటినుంచో ఒంట్లోనుంచో ఏదో ఒకటి తెచ్చి లోపల పెట్టక తప్పదు.

మన తెలుగువాళ్ళలో అంత చప్పిడి ముక్కులు కొన్నే. ఎక్కువమందికి దూలం ఫరవాలేదు, కొన గుండ్రంగా బరువుగా ఉంటుంది, పుటాలు వెడల్పు. కొందరికైతే దూలం మీద చిన్న బొడిపె కూడా. అందుకే కొరియా నటి ఫోటో పట్టుకెళ్ళి ‘ఇలా చేయండి’ అనేముందు మన ముక్కులో లోటు ఎక్కడుందో తేల్చుకోవాలి. మా చిన్న పిన్ని కూతురు బెంగళూరు మహదేవపురలో ఉద్యోగం చేస్తోంది. దూలం ఎత్తించాలని పట్టుబట్టి నన్ను తోడు తీసుకెళ్ళింది. డాక్టరు ఆమె ముక్కు కొనను బొటనవేలితో నొక్కి వదిలారు, దూలం మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూశారు, చెంపను పక్కకి లాగి ‘ఇప్పుడు గాలి పీల్చండి’ అన్నారు. కొన నొక్కగానే స్పాంజిలా దిగిపోయింది. చెంప లాగితే ఎడమవైపు ఊపిరి బాగా ఆడింది. అంటే కొనకి లోపల ఆధారం చాలదు, ఎడమవైపు దారి ఇరుకు. దూలం సంగతి ఆ తర్వాతే. నిమిషంలో అయిపోయే ఈ పరీక్షలు చెయ్యకుండా, ఫోన్‌లో ఫోటో చూసి ధర చెప్పేవాళ్ళ దగ్గర కూర్చోవడం దండగ.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. 12 అంగుళాల దూరంలో తీసుకున్న సెల్ఫీలో, 5 అడుగుల దూరం నుంచి తీసినదానికన్నా ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. సెల్ఫీ చూసి బెంగపెట్టుకున్నవాళ్ళు ముందు ఇంకొకరి చేత కాస్త దూరంనుంచి ఒక ఫోటో తీయించుకోండి. సగంమంది అక్కడే ఆగిపోయినా నేను ఆశ్చర్యపోను.

ఆగనివాళ్ళకి ఉన్న దారులు మూడు.

సిలికాన్‌తో మొదలుపెడదాం, కొరియా పేరుతో ఎక్కువగా అమ్ముడుపోయేది అదే. ముందే అచ్చు పోసిన తెల్లటి మెత్తని ముక్క. దాన్ని ముక్కుకి తగ్గట్టు చెక్కి దూలం మీద చర్మం కింద జొనుపుతారు. ఇంకోచోట కొయ్యక్కర్లేదు, ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది, ఖర్చు తక్కువ, దూలం గీత గీసినట్టు వస్తుంది. నచ్చకపోతే తీసెయ్యడమూ తేలికే. ఇవన్నీ నిజమే. అసలు పేచీ ఎక్కడంటే, అది ఒంట్లో ఎన్నాళ్ళున్నా ఒంటిది కాదు. శరీరం దాని చుట్టూ ఒక పొర కడుతుంది. ఆ పొర బిగిస్తే ముక్కు పైకి ముడుచుకుని పొట్టిగా అవుతుంది. ముక్క పక్కకి జరగొచ్చు, చర్మం పలచనివాళ్ళకి అంచు బయటికి తెలియొచ్చు, ఏళ్ళ తర్వాత కూడా చీము పట్టొచ్చు. ఇంగ్లీషు ‘ఎల్’ ఆకారంలో దూలం నుంచి కొన దాకా వంగి ఉండే పాతరకం ముక్క ఇంకా ప్రమాదం. కొన ఎప్పుడూ కదిలే చోటు కాబట్టి, ఆ ఒత్తిడికి చర్మం పలచబడి ముక్క బయటికి పొడుచుకొచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో కోకొల్లలు. అందుకే ఇప్పుడు చాలామంది దూలం వరకే సిలికాన్ పెట్టి, కొనకి మాత్రం సొంత మృదులాస్థి వాడుతున్నారు. గోర్‌టెక్స్ అని ఇంకో పదార్థం ఉంది. దాంట్లోకి కణజాలం అల్లుకుంటుంది కనక అంతగా జరగదు, కానీ తీయాల్సివస్తే అదే తలనొప్పి.

సిలికాన్ మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఒకటే. అది చెడి, ముక్కు ముడుచుకుపోతే, సరిచేయడానికి చివరికి వెళ్ళేది చాలాసార్లు పక్కటెముక మృదులాస్థి దగ్గరికే. అప్పటికి చర్మం బిగుసుకుని, లోపల మచ్చ కట్టి, పని రెండింతలు కష్టమవుతుంది. ఇరవై అయిదేళ్ళ పిల్ల ఇంకో యాభై ఏళ్ళు ఆ ముక్కుతో బతకాలి. ఇంటికి దగ్గరలో మళ్ళీ మళ్ళీ చూపించుకునే డాక్టరు ఉంటే ఒక సంగతి. సెలవు పెట్టి సియోల్ వెళ్ళి చేయించుకొస్తే, ఆరో నెలలో ముక్కు ఎర్రబడిందని ఎవరి గుమ్మం ఎక్కుతాం?

రెండో దారి సొంత మృదులాస్థి. ఇక్కడ కొంచెం నింపాదిగా చూడాలి, ఎందుకంటే అదంతా ఒకటే రకం కాదు.

ముక్కులోని నడిమి గోడ మొదటి గని. గట్టిగా, చదునుగా ఉంటుంది, వేరే చోట కోత అక్కర్లేదు. గోడ వంకరగా ఉండి ఊపిరాడనివాళ్ళకి అది సరిచేస్తూనే ముక్క దొరుకుతుంది. కాకపోతే ముందువైపూ పైవైపూ కనీసం ఒక సెంటీమీటరు పట్టీ వదలాలి, లేకపోతే ముక్కే కుంగుతుంది. పైగా చిన్న ముక్కుల్లో ఆ గోడే చిన్నది. రెండో గని చెవి. డొప్పలోంచి వెనకనుంచి తీస్తారు, మచ్చ కనబడదు, చెవి ఆకారం మారదు. సహజంగానే వంపు తిరిగి మెత్తగా ఉంటుంది కనక కొనకి చక్కగా సరిపోతుంది, దూలం ఎత్తడానికి చాలదు. మూడో గని పక్కటెముక, సాధారణంగా ఆరోది లేదా ఏడోది. కావలసినంత దొరుకుతుంది, గట్టిగా నిలుస్తుంది. కానీ చెక్కిన తర్వాత వంగే గుణం దానిది. అందుకని చెక్కిన ముక్కను సెలైన్‌లో వేసి కాసేపు చూస్తారు, ఎటు తిరుగుతుందో తెలిశాకే పెడతారు. పడుచువాళ్ళలో వంగడం ఎక్కువ. నలభై దాటాక సున్నం పట్టి చెక్కడానికే లొంగకపోవచ్చు. ఇంకో పద్ధతిలో మృదులాస్థిని అల్లం తరిగినట్టు సన్నగా తరిగి, తలపక్కన కండరం మీది పొరలో చుట్టి దూలం మీద పరుస్తారు. అప్పుడు వంగే బెడద తప్పుతుంది.

పక్కటెముక అంటే ఛాతీ మీద కోత. దగ్గినా నవ్వినా కొన్నాళ్ళు పోటు తెలుస్తుంది. ఊపిరితిత్తి పొర చిరిగే ప్రమాదం అరుదే, లేకపోలేదు. దీని గురించి అమ్మాయిలు అడగనిదీ అడగవలసిందీ కెలాయిడ్. మన చామనఛాయ చర్మాల్లో మచ్చ ఉబ్బి పెరగడం ఎక్కువ, ఛాతీ దానికి పేరుమోసిన చోటు. చెవి కుట్టించినచోట గడ్డలా లేచినవాళ్ళు, బొట్టంత దెబ్బకే మచ్చ ఉబ్బేవాళ్ళు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి.

సొంత కణజాలంతో ముక్కు కట్టడం మన నేలకి కొత్త కాదు. టిప్పు సుల్తాన్‌తో 1792 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ దగ్గర బండి తోలిన కావస్జీ అనే అతను టిప్పు మనుషులకి చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. పుణెలో ఒక సంప్రదాయ వైద్యుడు అతని నుదుటి చర్మం తిప్పి కొత్త ముక్కు కట్టాడు. 1794లో లండన్ పత్రికలో ఆ సంగతి అచ్చయ్యాకే ఐరోపా వైద్యులు ఆ పద్ధతి వెంట పడ్డారు. సొంతది ఒంటికి పడుతుందన్న లెక్క అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

మూడో దారి ఫిల్లర్. భోజనవేళలో వెళ్ళి వచ్చేయొచ్చని చెబుతారు, అది అబద్ధం కాదు. హైలురానిక్ ఆమ్లం అనే జెల్‌ని సూదితో ఎక్కించి పల్లాన్ని నింపుతారు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది, ఇంకో సూదిమందుతో కరిగించెయ్యొచ్చు. దూలం ఎత్తితే ఎలా ఉంటుందో చూసుకోవాలనుకునేవాళ్ళకి ఆకర్షణ అదే. కానీ ముక్కుని చిన్నది చెయ్యలేదు, కొనని నిలబెట్టలేదు, ఊపిరికి ఉపయోగం లేదు. ఒక్క సిరంజికి వేలే కదా అనిపిస్తుంది, ఏటా లెక్కేస్తే తెలుస్తుంది. అన్నిటికన్నా భయపెట్టేది, ముక్కు మీది రక్తనాళాలకి కంటి రక్తనాళాలతో సంబంధం ఉండడం. మందు పొరపాటున నాళంలోకి పోతే చర్మం చచ్చి నల్లబడొచ్చు, చూపు పోవచ్చు. పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. ఒంట్లో ఫిల్లర్‌కి అతి ప్రమాదమైన చోట్లలో ముక్కు ఒకటి, అందులోనూ ఇదివరకు ఆపరేషన్ అయిన ముక్కు మరీను. బ్యూటీపార్లర్‌లో, పైఅంతస్తు ‘ఈస్తటిక్ స్టూడియో’లో, కరిగించే మందు చేతికందేంత దూరంలో లేనిచోట వేయించుకోవడమంత సాహసం ఇంకోటి లేదు. చిన్న సూదే కదా అని అందరూ తేలిగ్గా తీసుకునే ఈ మూడోదే నా లెక్కలో ఆఖరిది.

పుటాలు తగ్గించడం వేరే పని, తరచూ పైవాటితో కలిపి చేస్తారు. తొందరపడొద్దు. కొన నిలబడితే పుటాలు వాటంతటవే సన్నగా కనబడతాయి, అందుకే మంచి సర్జన్ దాన్ని ఆఖర్న చూసుకుంటారు. కోసిన పుటాన్ని తిరిగి అతికించలేరు. ముక్కుపుడక ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించాలి. పుటం వెడల్పు మారితే ముక్కు కుట్టించిన చోటు కూడా జరిగినట్టు కనబడొచ్చు. ఆపరేషన్‌కి పుడక తీసెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవచ్చో ముందే కనుక్కోవాలి. మా పిన్ని మాత్రం సర్జరీకన్నా దానికే ఎక్కువ కంగారుపడింది. “పుడక తీసేసి బోసి మొహంతో ఎన్నాళ్ళుంటావే?” అని హిందూపురం నుంచి రోజూ ఫోను.

నా మొగ్గు ఇలా ఉంటుంది. కొన మెత్తన, దూలం ఓ మోస్తరుగా ఉన్న మన ముక్కులకి నడిమి గోడ, చెవి సరిపోతాయి. పక్కటెముక దాకా పోనక్కర్లేదు. నిజంగా దూలం బాగా పల్లమైతే, వయసు చిన్నదైతే, కెలాయిడ్ గుణం లేకపోతే పక్కటెముక. ఇంకోచోట కోత వద్దే వద్దనేవాళ్ళకి, చర్మం మందంగా ఉండి కొంచెం ఎత్తు చాలుననుకునేవాళ్ళకి సిలికాన్, అదీ దూలం వరకే. ఊపిరి సమస్య ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. బెంగళూరులో వయ్యారిభామ పుప్పొడికీ దుమ్ముకీ తుమ్ములు ఆగనివాళ్ళు చాలామంది. ఆ ఎలర్జీ అదుపులోకి రాకుండా కత్తి పట్టించుకుంటే, కుట్లు పచ్చిగా ఉండగానే తుమ్ములు మొదలవుతాయి.

ఎవరు చేస్తారన్నది ఏం పెడతారన్నదాని కన్నా పెద్ద ప్రశ్న. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉన్నవాళ్ళు, లేదా ముఖ శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న ఈఎన్‌టీ సర్జన్. వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రులకి కేపీఎంఈ (రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల చట్టం) నమోదు తప్పనిసరి, అదీ చూడండి. 2022లో బెంగళూరులోనే కొవ్వు తీయించుకోబోయి ఒక యువ టీవీ నటి చనిపోయింది. మత్తు డాక్టరు ఎవరు, ఐసీయూ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. సొంత కేసుల్లో ఏడాది దాటాక తీసిన ఫోటోలు చూపించమనండి, నెలనాటి ఫోటోలు వాపుతో మోసం చేస్తాయి.

డబ్బు విషయానికొస్తే అందం కోసం చేసేదానికి ఇన్సూరెన్స్ రాదు, జీఎస్టీ పడుతుంది. గోడ వంకర సరిచేసే భాగానికి పాలసీని బట్టి రావచ్చు. నూటికి 5 నుంచి 15 మందికి రెండోసారి సరిచేయాల్సి వస్తుందని సర్జన్లే చెప్పే లెక్క. ఆ రెండోసారి ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

ముక్కు మీద పట్టీ వారం ఉంటుంది, కమిలిన నలుపు రెండు వారాల్లో పోతుంది. ఎముక కదిపితే నెల, నెలన్నర దాకా కళ్ళజోడు ముక్కు మీద ఆనకూడదు. లెన్సులైనా వాడాలి, లేదా జోడుని నుదుటికి టేపు వేసుకోవాలి. అన్నాళ్ళూ హెల్మెట్ నొక్కుకోకూడదు, అంటే బండి పక్కన పెట్టి మెట్రోనో ఆటోనో. మందమైన చర్మానికి అసలు ఆకారం తేలడానికి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువే. ముహూర్తం మూడు నెలల్లో పెట్టుకుని ఇప్పుడు సర్జన్ని వెతికేవాళ్ళు పెళ్ళి కానిచ్చి రండి. సిగరెట్ అలవాటుంటే నెలముందే మానాలి. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జ్ కాగితంలో ఏ ముక్క, ఎక్కడినుంచి తీసి, ఎక్కడ పెట్టారో వివరంగా రాయించుకోండి. సిలికాన్ అయితే దాని డబ్బా మీది కంపెనీ, లాట్ నంబరు స్టిక్కర్ కూడా అంటించమనండి. పదేళ్ళ తర్వాత ఇంకో డాక్టరు ఆ ముక్కు తెరవాల్సివస్తే మొదట అడిగేది ఆ కాగితమే.