జీ650 ఇంజిన్లు: ఏళ్ళ తరబడి నడిపాక చెబుతున్న మాట

మాది అమలాపురం దగ్గర ఊరు. భీమవరంలో రొయ్యల ఎగుమతి చేసే ఒకాయన ప్రైవేట్ జెట్ గల్ఫ్‌స్ట్రీమ్ జీ650కి చాలా ఏళ్ళుగా కెప్టెన్‌ని. కొనాలనుకునేవాళ్ళు ఎవరొచ్చినా ముందు అడిగేది స్పీడే. గరిష్ఠ వేగం మాక్ 0.925, అంటే ధ్వని వేగంలో 92.5 శాతం, నిజమే. నాకు మాత్రం ఈ విమానం నచ్చింది 0.85 దగ్గర.

వెనక రెండు రోల్స్-రాయిస్ బీఆర్725 ఇంజిన్లు, ఒక్కోటి 16,900 పౌండ్ల థ్రస్ట్ (ముందుకి నెట్టే బలం). కంపెనీ లెక్కలో 0.85 మీద 7,000 నాటికల్ మైళ్ళు వెళ్తుంది, 0.90 మీద 6,000. అంటే మైలుకి ఆరో వంతు ఇంధనం అదనంగా కాలుతుంది. ధ్వని వేగానికి దగ్గరవుతున్నకొద్దీ రెక్క మీద షాక్ తరంగాలు పుట్టి గాలి అడ్డు పెరిగిపోతుంది, ఇంజిన్ ఎంత మంచిదైనా ఆ ఖర్చు తప్పదు. పోనీ కలిసొచ్చే టైమెంత? బార్సిలోనా సీఫుడ్ ఎక్స్‌పోకి వెళ్ళాలంటే హైదరాబాద్ నుంచి సుమారు 4,100 నాటికల్ మైళ్ళు. గాలి సంగతి పక్కన పెడితే మిగిలేది అరగంట కూడా కాదు. "కెప్టెన్‌గారూ, ఇంకాస్త లాగొచ్చు కదా?" అని ఓనరుగారు అడిగినప్పుడల్లా ఈ లెక్కే చెబుతాను. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం కొంచెం వేగం పెంచడమే లాభం. అప్పుడు నేనే 0.87 పెడతాను.

ఈ ఇంజిన్ల అసలు సత్తా పైకి వెళ్ళాక తెలుస్తుంది. నిండు ట్యాంకులతో కూడా నేరుగా 41,000 అడుగులకి ఎక్కేస్తుంది. ఇంధనం కాలి బరువు తగ్గుతుంటే 43,000, తర్వాత 45,000. మెట్టు ఎక్కి వేగం కుదురుకోగానే ఫ్యూయల్ ఫ్లో అంకె (గంటకి ఎంత ఇంధనం కాలుతోందో చూపేది) రెండు ఇంజిన్లకీ దిగడం కళ్ళముందే కనిపిస్తుంది. ఇన్నేళ్ళైనా ఆ అంకె చూడటం నాకిష్టం. పైగా ప్యాసింజర్ విమానాలు ఎక్కువగా కిందే తిరుగుతాయి కాబట్టి అడిగిన దారి దొరుకుతుంది.

మన ఎండల సంగతి వేరు. పూర్తి థ్రస్ట్ హామీ సముద్రమట్టంలో 30 డిగ్రీల వరకే. మే నెల మధ్యాహ్నం మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్) రన్‌వే మీద 40 దాటితే టర్బైన్ వేడి హద్దు దాటకుండా థ్రస్ట్ తగ్గించుకోవాల్సిందే. విదేశాలకి వెళ్ళేటప్పుడు ఇమ్మిగ్రేషన్ కోసం హైదరాబాద్‌లో ఎలాగూ దిగాలి, ట్యాంకులు అక్కడే నింపుతాం. మధురపూడి నుంచి తేలిగ్గా లేస్తాం కాబట్టి టెన్షన్ ఉండదు.

నాకు బాధ కలిగించేది రాజమండ్రి–హైదరాబాద్ తిరుగుడు. రెండొందల నాటికల్ మైళ్ళు కూడా లేని దూరం. ఎత్తుకి వెళ్ళి కుదురుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. కాలవ గట్టు మీద పదహారు చక్రాల లారీ నడిపినట్టే. ఇంజిన్ ఆయుష్షు గంటల్లోనే కాదు, ఎన్నిసార్లు లేచి దిగిందన్న లెక్కలోనూ కరిగిపోతుంది. మీ ప్రయాణాల్లో సగానికి పైగా ఇలాంటివే అయితే జీ650 కొనకండి. ఒక కింగ్ ఎయిర్ టర్బోప్రాప్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) తీసుకుని, ఏడాదికి రెండు మూడుసార్లు యూరప్ వెళ్ళడానికి పెద్ద జెట్ చార్టర్ చేసుకోండి. మా ఓనరుగారికీ ఇదే చెప్పాను, ప్రస్తుతం ఆయన ఆలోచిస్తున్నారు.