ది థిన్ మ్యాన్ (1934) బ్లూ-రే: హంతకుడెవరో తెలిశాక కూడా చూడబుద్ధయ్యే డిస్క్

హంతకుణ్ణి కనిపెట్టే సరదా కోసమే అయితే ఈ డిస్క్ కొనక్కర్లేదు. కథ చిక్కుముడే, కానీ చివర్లో అనుమానితులందర్నీ విందుకు కూర్చోబెట్టి మాజీ డిటెక్టివ్ నిక్ చార్లెస్ దాన్ని విప్పే తీరులో సాక్ష్యం కంటే ఊహ ఎక్కువ. మళ్లీ మళ్లీ చూసేది నిక్‌గా విలియం పవెల్, అతని భార్య నోరాగా మిర్నా లాయ్‌ల కోసం. ఒకరు మాట విసరగానే రెండోవాళ్ల కనుబొమ్మ కదలడంలోనే సగం నవ్వు ఉంది. అది కనిపించాలంటే ప్రింటు బాగుండాలి. వార్నర్ ఆర్కైవ్ 2019లో తెచ్చిన ఈ బ్లూ-రేలో అది బాగుంది. క్రిస్మస్ ఉదయం నిక్ సోఫాలో వెల్లకిలా పడుకుని చెట్టుకున్న బెలూన్లను గాలి తుపాకీతో పేలుస్తుంటాడే, అక్కడ నోరా వేసుకున్న ఫర్ కోటు చూడండి. పాత డీవీడీలో ముద్దలా ఉన్న బొచ్చు ఇక్కడ పోగుపోగుగా తెలుస్తుంది. జేమ్స్ వాంగ్ హౌ కెమెరా పనితనం ఇలా చూస్తేనే అర్థమవుతుంది.

డిస్క్‌కి రీజియన్ లాక్ (కొన్ని దేశాల ప్లేయర్లలోనే ఆడేలా పెట్టే తాళం) లేదు. మన దేశం బ్లూ-రేకి సీ రీజియన్ అయినా ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఇబ్బంది లేకుండా ఆడుతుంది. 2005 నాటి డీవీడీ సెట్టు అలా కాదు. అది రీజియన్ 1, డీవీడీల లెక్కలో మనది 5. మల్టీ రీజియన్ ప్లేయర్ లేకపోతే తెరమీద ఎర్రర్ తప్ప ఏమీ రాదు.

చాలామంది తప్పు చేసేది టీవీ సెట్టింగుల్లో. బొమ్మ నిష్పత్తి 1.37:1, అంటే 1080 గీతల ఎత్తుకు దాదాపు 1480 పిక్సెళ్ల వెడల్పు. పక్కల నల్ల పట్టీలు డిస్క్‌లోనే ఉన్నాయి. పాత సినిమా కదా అని టీవీని 4:3లో పెడితే అందరూ సన్నగా సాగిపోతారు, జూమ్ పెడితే తలలు తెగుతాయి. టీవీ 16:9లోనే ఉండాలి. మోషన్ స్మూదింగ్ (కదలికల్ని నున్నగా చేసేది), నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని చుక్కల్ని తుడిచేది) రెండూ ఆపేయండి. రెండోది ఆన్‌లో ఉంటే ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్ముకి సహజంగా ఉండే సన్నటి రేణువులు) పోయి మొహాలు మైనపు బొమ్మల్లా నున్నగా అవుతాయి. కలర్ టెంపరేచర్ 'వార్మ్'లో పెట్టాలి, 'కూల్'లో ఉంటే తెల్లచొక్కాలన్నీ నీలం మందు పెట్టినట్టుంటాయి. ల్యాబులో నిక్ టార్చి పట్టుకుని వెతికే సీను పెట్టి డైనమిక్ కాంట్రాస్ట్ (సీనును బట్టి తెర వెలుగును మార్చే సెట్టింగు) ఆపి చూడండి. టార్చి కదిలినప్పుడల్లా గది మొత్తం వెలుగు పెరిగి తగ్గుతుంటే అది ఇంకా ఆగలేదన్నమాట.

సౌండ్ మోనో, రెండు ఛానళ్లలో వస్తుంది. స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే రిసీవర్ ఉంటే డాల్బీ సరౌండ్ మోడ్‌లో పెట్టండి. రెండు ఛానళ్లలోనూ ఒకే ధ్వని కాబట్టి మాటలు మధ్య స్పీకర్‌కే వెళ్తాయి, పక్కన కూర్చున్నవాళ్లకీ తెరలోంచే వినిపిస్తాయి. సౌండ్‌బార్‌లో బేస్ బూస్ట్ పెంచకండి, పాత ట్రాక్‌లో గరగర తప్ప లాభం లేదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోవాల్సిందే. మంచి జోకులన్నీ గొణుగుడులోనే ఉన్నాయి.

మొదటిసారి చూసేవాళ్లు ఆరంభంలో ఫోన్ పక్కన పెట్టాలి. నిక్, నోరా రాకముందే శాస్త్రవేత్త వైనంట్, అతని కూతురు డొరోతీ, సెక్రటరీ జూలియా, లాయర్ మెకాలే వరుసగా వచ్చేస్తారు. వీళ్లలో ఎవరికి ఎవరేమవుతారో పట్టుకోకపోతే తర్వాత పోలీసుల ప్రశ్నలేవీ తలకెక్కవు. టైటిల్లోని సన్నటి మనిషి వైనంటే, నిక్ కాదు. తర్వాతి సినిమాలు ఆ పేరును నిక్‌కి అంటగట్టాయి.

ఎక్స్‌ట్రాలు పలచనే: పవెల్, లాయ్ పాల్గొన్న 1936 రేడియో రూపం, 1950ల టీవీ సీరియల్‌లో ఒక ఎపిసోడ్, ట్రైలర్. ఇంతటి సినిమాకి వ్యాఖ్యానం (ఆడియో కామెంటరీ) లేకపోవడం లోటే. నిక్, నోరా ఎందుకింత తాగుతున్నారని అడిగే కొత్తవాళ్లకి అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరులోనే పోయిందని చెప్పేవాళ్లు ఉండాల్సింది.

మొత్తం నిడివి 91 నిమిషాలు. నచ్చితే వరుసలో రెండోది, 1936 నాటి ఆఫ్టర్ ది థిన్ మ్యాన్, కూడా బ్లూ-రేలో ఉంది. దాన్ని తర్వాతే చూడండి, ఎందుకంటే కథ ఇది ఆగిన చోటే, రైలు దిగడంతోనే మొదలవుతుంది.