అక్క చేతికి గ్లూకోజ్ సెన్సర్: మతిమరుపు ఉన్న మనిషికి ఎంత ఆసరా?

ముందే చెబుతున్నాను. ఇన్సులిన్ వాడే మనిషికి మతిమరుపు జబ్బు కూడా తోడైతే, చేతికి అతికించే గ్లూకోజ్ సెన్సర్ తప్పకుండా కొనదగ్గ వస్తువు. అయితే ప్రకటనల్లో చెప్పే కారణాలు వేరు, నేను చెప్పే కారణం వేరు. ప్రకటనల్లో కనిపించేవాళ్లంతా పరుగులు తీస్తూ, ఫోను చూసుకుని తృప్తి పడేవాళ్లే. ఆ ఫోనులో అంకె దేనిదో కూడా తెలియని మనిషి ఒంటి మీద ఈ సెన్సర్ ఎలా పనిచేస్తుందో నాకు ఎక్కడా చదవడానికి దొరకలేదు.

అక్కకు షుగరు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. లెక్కల టీచరుగా ఉన్న రోజుల్లో తన ఇన్సులిన్ మోతాదు తనే చూసుకునేది, ఒక్క పూట తప్పేది కాదు. ఇప్పుడు సూది వేయించుకున్న కాసేపటికే వేయలేదంటుంది. భోజనం చేసి చేయలేదంటుంది, చేయకుండానే చేశానంటుంది. ఈ రెండోదే అసలు ప్రమాదం. ఒంట్లో ఇన్సులిన్ పనిచేస్తూ, కడుపు ఖాళీగా ఉంటే షుగరు దబ్బున పడిపోతుంది.

పడిపోతున్నప్పుడు మామూలుగా చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి మనిషిని హెచ్చరిస్తాయి. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లలో ఆ హెచ్చరికలు మొద్దుబారతాయి. బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు వణుకును, దడను ఇంకా కప్పేస్తాయి. ఇక పైకి కనిపించేవి తికమక, చిరాకు, ఊరికే కోపం. మతిమరుపు జబ్బులోనూ కనిపించేవి అవే. సాయంత్రం అక్క తలుపు దగ్గర నిలబడి “మా ఇంటికి వెళ్లాలి” అని మొండికేస్తే దానికి కారణం జబ్బా, షుగరా? ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. వేలు పొడిచి చూద్దామంటే చెయ్యి వెనక్కి లాక్కునేది. “నేనేం చేశానే నీకు, ఎందుకు పొడుస్తావు?” అని అడిగేది. రోజుకు ఎన్నిసార్లు పొడిస్తే అన్నిసార్లూ అదే ప్రశ్న, మొదటిసారి అడుగుతున్నట్టే. ఆ గొడవను చాలావరకు తప్పించినందుకే ఈ సెన్సర్‌కు నేను రుణపడి ఉన్నాను.

చూడడానికి చిన్న గుండ్రటి బిళ్ల. జబ్బ వెనుక భాగాన అతికిస్తే, సన్నటి పోగు ఒకటి చర్మం కిందికి దిగుతుంది. కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును కొలిచి, రకాన్ని బట్టి నిమిషానికో అయిదు నిమిషాలకో ఫోనుకు పంపుతుంది. ఇలా అతికించే రకాలు సాధారణంగా 10 నుంచి 15 రోజులు పనిచేస్తాయి.

అంకె కన్నా దాని పక్కన ఉండే బాణం గుర్తు ముఖ్యం. 95 ఉండి బాణం నిలువునా కిందికి చూస్తుంటే, 80 ఉండి నిలకడగా ఉన్నదాని కన్నా అదే తొందర పెట్టాల్సిన విషయం. ఒకరోజు అక్క ప్రశాంతంగా కుర్చీలో కూర్చుని ఉండగా అలారం మోగింది. తెర మీద 62, బాణం కిందికి. ఫోను నా చేతిలోంచి తీసుకుని చూసి, “ఎవరి మార్కులే ఇవి? పరవాలేదు, పాసయ్యాడు” అంది. మాట స్పష్టంగానే ఉంది. పై పెదవి మీద మాత్రం సన్నగా చెమట పట్టింది. సెన్సర్ లేకపోతే ఆ చెమటను నేను గమనించేదాన్ని కాదు. 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు ఆగి వేలి రక్తంతో చూశాను. 88 వచ్చింది. సెన్సర్ ఇంకా 66 దగ్గరే ఉంది.

ఈ తేడాను ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. ద్రవంలోని గ్లూకోజు రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. అది తెలియకపోతే కంగారులో ఇంకా ఇంకా తీపి పట్టించి, షుగరును ఆకాశానికి ఎక్కిస్తారు. అన్నట్టు, మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే వైద్య సహాయం పిలవాలి.

ఇక లోపాలు. సెన్సర్ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకుంటే అక్కడి కణజాలం నలిగి, లేని తగ్గుదల చూపిస్తుంది. అర్ధరాత్రి 58 అని అలారం కొడితే పరుగున వెళ్లి చూస్తే అక్క హాయిగా నిద్రపోతుంటుంది, వేలి రక్తంలో 110 ఉంటుంది. ఆ వేలి పోటుతో ఆమె నిద్ర లేస్తే మళ్లీ పడుకోబెట్టడం అంత సులభం కాదు. తను ఏ వైపు పడుకుంటుందో చూసి, రెండో చేతికి పెట్టడం మొదలుపెట్టాక ఈ బాధ బాగా తగ్గింది. కొత్తది పెట్టిన మొదటి రోజు అంకెలను అంతగా నమ్మను. కొన్ని రకాల్లో విటమిన్ సి రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే షుగరు ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది, అంటే నిజంగా పడిపోయినా బయటపడకపోవచ్చు. పెట్టెలోని కాగితం చదివి మాత్రలతో సరిచూసుకోండి.

పీకేసుకోవడం మరో సమస్య. కంటికి కనబడినంతసేపూ అక్క దాన్ని గోటితో గిల్లేది. జబ్బకు బాగా వెనగ్గా అతికించి, మోచేతి దాకా వచ్చే చొక్కా తొడిగితే మరిచిపోతుంది. ఫోను ఆమె దగ్గర ఉంచే ఆశ పెట్టుకోకండి. సెన్సర్ సంకేతం కొన్ని మీటర్లకు మించి అందదు కాబట్టి, ఒక ఫోనును ఇంటి మధ్య గదిలో ఛార్జింగులోనే ఉంచేశాం. అది ఇంటర్నెట్ ద్వారా నా ఫోనుకు అంకెలు పంపుతుంది. బ్యాటరీ పొదుపు చేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే యాప్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది, దాన్ని తీసేయండి. అలారం శబ్దానికి అక్క బెదిరిపోయేది కాబట్టి ఆ గదిలోని ఫోనులో శబ్దం తగ్గించి, నా ఫోనులో పెంచుకున్నాను.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది రాత్రి గ్రాఫు. తెల్లవారుజామున షుగరు 70 కిందికి జారి, ఉదయానికి తనంతట తనే పైకి రావడం అందులో పదే పదే కనిపించింది. డాక్టరు అది చూసి రాత్రి ఇన్సులిన్ తగ్గించారు, షుగరు తగ్గడానికి వాడుతున్న పాత గ్లిబెన్‌క్లమైడ్ మాత్రను పూర్తిగా ఆపేశారు. మూత్రపిండాలు నెమ్మదించిన వయసులో ఆ మాత్ర ప్రభావం చాలాసేపు నిలిచి షుగరును పడదోస్తుందట. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష, 7 శాతం లోపు ఉండాలని ఇన్నాళ్లూ మేము పడిన ఆరాటం కూడా వద్దన్నారు. మతిమరుపు ఉన్న పెద్దవారికి 8 లోపు చాలు, సెన్సర్ లెక్కలో షుగరు 70 కింద ఉండే సమయం మొత్తంలో 1 శాతం కూడా దాటకూడదు అన్నారు. ఉదయాలు అక్క మాట ఇప్పుడు కాస్త తేటగా ఉంటోంది. మతిమరుపు తగ్గిందని అనను. ప్రతి తెల్లవారుజామునా మెదడుకు పడుతున్న దెబ్బ ఒకటి ఆగింది.

మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఒక్కటే వాడుతూ, షుగరు పడిపోయే బెడద లేనివాళ్లకు ఇంత ఖర్చు అక్కర్లేదు. కొన్ని రోజులకోసారి కొత్తది కొనాల్సిందే కదా. ఎమ్మారై తీయించే ముందు సెన్సర్ తీయాలో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

కంపెనీ సేవ గురించి ఒక ఫిర్యాదు ఉంది. గడువుకు ముందే ఊడిపోయిన సెన్సర్‌కు బదులు ఇవ్వమని ఫోన్ చేస్తే, ఖాతా పేషెంటు పేరున ఉంది కాబట్టి పేషెంటే మాట్లాడాలన్నారు. అక్కకు ఫోనిచ్చాను. పుట్టిన తేదీ అడిగితే చెప్పలేక నా వైపు చూసింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బదులు సెన్సర్ పంపారు, కానీ ఆ పరీక్ష ఆమెకు పెట్టాల్సింది కాదు. కొన్న రోజే ఫోన్ చేసి, సంరక్షణ చూసేవారిగా మీ పేరు ఖాతాలో రాయించండి.