కూలెంట్ ప్రెజర్ టెస్టర్: లీకును పట్టిస్తుంది, చోటును కాదు

ఇంజిన్ ఆయిల్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలుస్తోందన్న అనుమానంతో ఒక సెకండ్ హ్యాండ్ కారును పరీక్షించడానికి, కూలెంట్ వ్యవస్థలోకి గాలి కొట్టి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూపే ఈ చేతిపంపు టెస్టర్‌ను వాడాను. ఆయిల్ మూత కింద తెల్లని జిడ్డు కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని తీర్పు చెప్పేవారు చాలామందే ఉన్నారు గానీ, తక్కువ దూరాలకే తిరిగే కారులో చెమ్మ ఆవిరి కాక అలాంటి జిడ్డే పేరుకుంటుంది కనుక ఆ ఒక్క ఆధారం చాలదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత స్థానంలో అడాప్టర్ బిగించి, మూతపై ముద్రించిన ఒత్తిడి వరకే (ఈ కారుకు 1.1 బార్) పంపు కొట్టాలి. బయట ఎక్కడా చుక్క కారకపోయినా గేజ్ ముల్లు మెల్లగా 0.8కి దిగింది, అంటే కూలెంట్ ఇంజిన్ లోపలికి కారుతుండవచ్చు. కారును రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లవారాక ఇంజిన్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టును కాస్త వదులు చేస్తే, ఆయిల్ కంటే బరువు కావడంతో అడుగుకు చేరిన పచ్చని కూలెంటే ముందుగా జారింది.

అయితే లోపం గ్యాస్కెట్‌లోనా, పగిలిన హెడ్‌లోనా, ఆయిల్ కూలర్‌లోనా (కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే భాగం) అన్నది ఈ పరికరం చెప్పదు. అందుకు రేడియేటర్‌లోని గాలిని నీలి ద్రవం గుండా లాగే బ్లాక్ టెస్టర్ తోడు కావాలి. దహన వాయువులు తగిలితే పెట్రోల్ ఇంజిన్లలో ఆ ద్రవం పసుపుకు మారుతుంది. ఇక్కడ రంగు మారలేదు కాబట్టి, గ్యాస్కెట్‌ను పూర్తిగా తోసిపుచ్చలేకపోయినా, హెడ్ విప్పే ముందు ఆయిల్ కూలర్‌ను పరీక్షించడమే సబబు.

గేజ్ నమ్మదగినదే. అడాప్టర్ల రబ్బరు వాషర్లు మాత్రం నాసిరకం. అవే గాలి వదిలితే లేని లీకు ఉన్నట్టు కనిపిస్తుంది.